స్టాండర్డ్ అంటే యుద్ధం జెండా!

కంకిపాడుల కంకి అడిగితే నవ్విండ్రు.

1997 వానకాలం. బ్యాంకుల కొలువు. జనగామ దిక్కు నుంచి కంకిపాడుకు బదిలీ మీద పోయిన మొదటి వారం. విజయవాడ నుంచి బందరు పోయే రోడ్డు మీద బస్సు దిగిన. రోడ్డు పక్కన తోపుడుబండి మీద బొగ్గులు రాజేసి ఒకాయన మక్కకంకులు కాలుస్తున్నడు. సన్నగ తుంపర, కాలిన గింజల వాసన, కడుపుల ఆకలి. "ఒక కంకి ఇయ్యన్నా" అన్న. ఆయనకు సమజ్ గాలె. "కంకి ఏంటండీ?" అన్నడు. వేలు పెట్టి చూపిస్తే "ఓహో పొత్తా! పొత్తు అంటారండీ" అని నవ్విండు. నేను గూడ నవ్విన. గీడిదాక మంచిగనే ఉన్నది. ఇద్దరు మనుషులు, రెండు మాటలు, ఒక కంకి. బేరం అయిపోయేదే.

పక్కకు స్కూటరు ఆపుకొని నిలబడ్డ చదువుకున్న పెద్దమనిషి ఒకాయన నడుమ జొచ్చిండు. "తెలంగాణ నుంచి వచ్చారా? ఇక్కడ కొంచెం స్టాండర్డ్ తెలుగు మాట్లాడండి" అన్నడు.

ఊరి పేర్లనే కంకి ఉన్నది. ఆ ఊర్ల వరికి కంకి ఎల్లుతది. మాకు మక్కకు కంకి ఎల్లుతది. రెండూ తెలుగే, రెండూ గింజే. కని మా కంకికి స్టాండర్డ్ లేదట! పొత్తు నోట్ల పెట్టుకున్నగని గొంతు దిగలె. ఎన్కటి నుంచి ఆ ఇంగ్లీషు మాట మీద నాకొక పగ. ఆ పగతోనే ఆ మాట ఏడ పుట్టింది, ఎవరి ఇంట్ల పెరిగింది, మన నెత్తిమీదికి ఎట్లొచ్చింది అని ఎంక్వైరీ పెట్టిన. ఆ రిపోర్టు ఇది.

జెండా నుంచి కొలబద్ద దాక

స్టాండర్డ్ అనే మాట ఇంగ్లీషోళ్ల సొంతం గాదు. ఫ్రెంచోళ్ల కాడి నుంచి పోయింది. పాత ఫ్రెంచిల దానర్థం జెండా. గాలికి ఎగిరే మామూలు జెండా గాదు, యుద్ధంల సైన్యం నడుమ పాతే జెండా. 'గట్టిగ నిలబడు' అనే జర్మన్ తెగల మాటలకెళ్లి అది పుట్టిందని కొందరు పండితులంటరు. 'చాపు, పరుచు' అనే లాటిన్ మాటకెళ్లి వచ్చిందని ఇంకొందరంటరు. ఏదైతేంది, పుట్టింది బడిల గాదు, గుడిల గాదు, యుద్ధభూమిల.

1138 ఆగస్టు 22 నాడు ఇంగ్లండుల నార్తలర్టన్ అనే ఊరి కాడ స్కాట్లండు రాజు డేవిడ్ దండుకూ ఇంగ్లీషు దండుకూ కొట్లాట అయింది. ఇంగ్లీషోళ్లు ఒక బండి మీద ఓడ తెరచాప కొయ్యను నిలబెట్టి, దానికి తమ దేవుళ్ల గుళ్ల జెండాలు కట్టిండ్రు. ఆ కొయ్య చుట్టు నిలబడి కొట్లాడి గెలిచిండ్రు. ఆ కొయ్య పేరు మీదనే దానికి 'స్టాండర్డ్ యుద్ధం' అని చరిత్రల పేరు పడ్డది. స్టాండర్డ్ అంటే పుట్టుకలనే ఇది: మావోళ్లు ఈ జెండా కింద ఉండాలె, మిగిలినోళ్లు శత్రువులు.

తర్వాత ఏమైంది? జెండా రాజుది. అంగట్ల గజం ఎంత, శేరు ఎంత అని తేల్చే హుకుం గూడ రాజుదే. అందుకే రాజు మొహరేసిన కొలబద్దకు, తూకంరాయికి అదే పేరు అంటుకున్నది. జెండా పోయి కొలత వచ్చింది. ఆ కొలతకు సరితూగిన సరుకు స్టాండర్డ్ సరుకు అయింది. అంటే పేరుమాట విశేషణంగ మారింది. బరువుకు ముందట పెట్టిండ్రు, నాణేనికి ముందట పెట్టిండ్రు. 19వ శతాబ్దంల మనిషి మాట్లాడే భాషకు ముందట గూడ పెట్టిండ్రు. 1862ల ఇంగ్లండు సర్కారు బడి పిల్లలకు చదువు, రాత, లెక్కలల్ల ఆరు 'స్టాండర్డ్'లు పెట్టింది. పిల్లగాండ్లు ఎంతమంది ఆ గీత దాటితే బడికి అన్ని పైసలు. మన తాతలు 'నేను ఫలానా స్టాండర్డు చదివిన్రా' అని చెప్పుకున్నది ఆ లెక్క నుంచి వచ్చిందే. పిల్లలను తక్కెట్ల పెట్టి తూచిన లెక్క అది.

ఈడ ఒక ముచ్చట సాఫుగ చెప్పాలె. కొలతకు స్టాండర్డు ఉండొద్దని నేనంటలేను. ఉండాలె. గట్టిగ ఉండాలె. మార్కెట్ యార్డుల కాటా మీద ధాన్యం బస్తా పెట్టినప్పుడు కిలో అంటే కిలో ఉండాలె. కూలిది, రైతుది కడుపు కొట్టకుంట కాపాడేది ఆ రాయే. 1956ల పార్లమెంటుల తూనికలు కొలతల చట్టం వచ్చింది. దేశమంత ఒక్క లెక్క మీదికి వచ్చింది. అది అందరం ఒప్పుకున్న లెక్క, చట్టసభల పాసైన లెక్క. తప్పు తూచినోన్ని మీద కేసు పెట్టొచ్చు.

మరి 'స్టాండర్డ్ తెలుగు'ను ఏ చట్టసభ పాస్ చేసింది? ఎప్పుడు ఓట్లేసిండ్రు? ఎవరిని అడిగిండ్రు? 1966ల అధికార భాషా చట్టం తెలుగు అన్నది గని కృష్ణా జిల్లా తెలుగు అనలె. తూకంరాయి పేరు చెప్పి, లోపల జెండా పాతిండ్రు. మోసం గీడ ఉన్నది. ఒకే మాటకు రెండర్థాలుంటె, న్యాయమున్న అర్థాన్ని ముందట చూపెట్టి దౌర్జన్యమున్న అర్థాన్ని ఎనుక నుంచి తోలుకొచ్చిండ్రు.

ఇంకో మాట. అసలు కొలబద్దలన్న కలకాలం ఉంటయా అంటే అదీ లేదు. 1834ల లండన్ పార్లమెంటు తగలబడ్డది. అండ్ల దాచిపెట్టిన ఇంగ్లీషోళ్ల ప్రామాణిక గజంబద్ద గూడ మంటలల్ల పాడై పనికిరాకుంట పోయింది. మళ్ల కొత్తది చేసుకున్నరు. పారిస్ కాడ భద్రంగ దాచిన కిలో ముద్దను 2019 మే 20 నాడు పక్కకు పెట్టి, లోకమంత కొత్త లెక్కకు మారింది. రైలుపట్టాలు చూడుండ్రి. ప్రపంచంల 'స్టాండర్డ్ గేజ్' అంటే 1435 మిల్లీమీటర్లు. విజయవాడ జంక్షన్ మీదికెళ్లి పోయే మన పెద్ద రైళ్ల పట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లు. అంటే కృష్ణా డెల్టా రైలు స్టాండర్డ్ గాదన్నట్టు! ఆగిపోయిందా? పోతలేదా బందరుకు? స్టాండర్డ్ గాని పట్టా మీద స్టాండర్డ్ తెలుగోళ్లు హాయిగ కూసోని పోతనే ఉన్నరు.

గుడ్డు కోసం గొడవ

నా కంకి కథ అసోంటిదే ఇంగ్లండుల ఐదువందల ఏండ్ల కింద జరిగింది. ఆ దేశంల మొదటి అచ్చుయంత్రం పెట్టిన కాక్‌స్టన్ 1490ల తన పుస్తకం ముందుమాటల రాసిండు. కొందరు వ్యాపారులు థేమ్స్ నది మీద ఓడల గాలి కోసం ఆగి, కడుపుకింత తిందామని ఒడ్డుకు దిగిండ్రు. ఒకాయన ఒక ఇల్లాలి కాడికి పోయి కోడిగుడ్లు అడిగిండు. ఆయన ప్రాంతంల గుడ్డుకు ఉన్న మాట ఆమెకు తెల్వది. 'నాకు ఫ్రెంచి రాదు' అన్నది ఆ తల్లి! ఈయనకు కోపమొచ్చింది, ఎందుకంటె ఆయనకూ ఫ్రెంచి రాదు. పక్కోడు ఆమె ప్రాంతపు మాటల అడిగితే అప్పుడు సమజయింది. ఈ కథ చెప్పి కాక్‌స్టన్ తల పట్టుకుంటడు: నేను ఏ మాట అచ్చేయాలె?

చివరికి ఏ మాట గెలిచింది? మంచి మాట గాదు. అందమైన మాట గాదు. అచ్చుయంత్రం ఎవరి దిక్కు ఉంటే వాళ్ల మాట. రాజు కచేరీ, కోర్టు, వ్యాపారం, ప్రెస్సు అన్నీ లండన్ల ఉండె. లండన్ చుట్టుపక్కల మాట దేశానికి స్టాండర్డ్ అయింది. మిగిలినోళ్లది మొరటు యాస అయింది.

ఇగ మనదానికి రండ్రి.

1855 నాటికి విజయవాడ కాడ కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారినయి. ఎండిన నేల మాగాణి అయింది. రెండు పంటల పైసల తోని బడులొచ్చినయి, కాలేజీలొచ్చినయి. ఆ పైసల తోనే ప్రెస్సులొచ్చినయి. 1948 డిసెంబర్ 1 నాడు విజయవాడ రేడియో మొదలైంది. విశాలాంధ్ర దినపత్రిక ఆడనే, 1960ల పుట్టిన ఆంధ్రజ్యోతి ఆడనే. పుస్తకాల కంపెనీలు ఆడనే. సినిమాలు పంచిపెట్టే ఆఫీసులు ఆడనే, గాంధీనగర్ల. నీళ్లు, నీళ్ల తోని పైసలు, పైసల తోని అచ్చు, అచ్చు తోని అధికారం. మా తెలంగాణల అదే కాలంల ఏమున్నది? నిజాం రాజ్యంల సర్కారు చదువు ఉర్దూల. తెలుగు బడి పెట్టాలంటె సర్కారు అనుమతి కావాలె. 1921 నవంబర్ల హైదరాబాద్ వివేకవర్ధని హాల్ల సంస్కరణ సభ జరిగితే, అల్లంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడ లేస్తే ఎగతాళి చేసి కూసోబెట్టిండ్రు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అసోంటి చోట భాషను బతికించుకునుడే ఒక యుద్ధం. తెలంగాణల కవులే లేరని ఒకరు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి 1934ల 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపెట్టవలసి వచ్చింది. ఉన్నమని రుజువు చేసుకునుడుకే మా శక్తి సగం ఖర్చయింది.

కాబట్టి డెల్టా తెలుగు స్టాండర్డ్ అయింది దాని గొప్పతనం వల్ల గాదు, ఆనకట్ట వల్ల. ఈ మాట అంటె అక్కడి సోదరులకు కోపం రావొద్దు. కాలువ నీళ్లు మంచియే. ఆ నీళ్ల తోని పండిన గింజలు మంచియే. ఆ గింజల పైసల తోని అచ్చయిన అక్షరమే మంచి అక్షరం అంటె మాత్రం ఒప్పుకోం.

ఒక తల్లి, ముగ్గురు బిడ్డలు

భాష లెక్క తోనే చూద్దాం. పుస్తకాల భాషల 'వచ్చినాడు' అని ఉంటది. కృష్ణా జిల్లాల అది అరిగి 'వచ్చాడు' అయింది. తెలంగాణల అరిగి 'వచ్చిండు' అయింది. రాయలసీమల చాలా చోట్ల అది అరగకుంట 'వచ్చినాడు' గనే ఉన్నది. ఒకే తల్లికి ముగ్గురు బిడ్డలు. ఇండ్ల 'వచ్చాడు' ఒక్కడు దొరబిడ్డ ఎట్లయిండు? 'వచ్చిండు' దాసిబిడ్డ ఎట్లయిండు? తల్లికి దగ్గర పోలిక చూస్తే, మూడక్షరాల నడుమ ఉన్న నకారాన్ని పూర్తిగ మింగింది 'వచ్చాడు'. దాని జాడను సున్న రూపంల దాచుకున్నది 'వచ్చిండు'. అయిన మేము పెద్దోళ్లమని అంటలేం, ముగ్గురూ సమానమంటున్నం.

'పెళ్లి' స్టాండర్డ్, 'పెండ్లి' యాస అంటరు. వ్యాకరణ పండితులు మెచ్చిన పాత రూపం 'పెండ్లి'. 'మజ్జిగ' స్టాండర్డ్, 'సల్ల' మోటు అంటరు. పాత కావ్యాలల్ల 'చల్ల' దర్జాగ ఉన్నది. అంగడి అంటె నవ్వుతరు, అదీ అచ్చ తెలుగే. మా అవ్వ మాటలు వెయ్యేండ్ల తెలుగును చెంగున కట్టుకొని తెచ్చినయి. మూట విప్పి చూడకుంటనే మాసిన బట్ట అన్నరు.

ఇగ పెద్ద నింద ఒకటుంటది. 'మీ తెలుగుల ఉర్దూ కలిసింది, స్వచ్ఛంగ లేదు' అని. కంకిపాడు మార్కెట్ యార్డు గేటు కాడ నిలబడి అక్కడి మాటలే వినుండ్రి. 'ఖరీఫ్' ధాన్యం వచ్చింది. ఖరీఫ్ అరబ్బీ. 'రబీ' అరబ్బీ. 'బస్తా' పారశీకం. మోసే 'హమాలీ' అరబ్బీ. నడుమ తినే 'దళారీ' అరబ్బీ. కాలువ మీద షట్టరు తిప్పే 'లస్కరు' పారశీకం. 'జిల్లా' అరబ్బీ. 'దరఖాస్తు' పారశీకం. ఆఖరికి ఆ ధాన్యం పండించిన 'రైతు' అనే మాట గూడ అరబ్బీ నుంచే నడిచొచ్చింది. ఇన్ని మాటలు కలిసిన తెలుగు స్వచ్ఛం, మా 'సమజ్' కలిస్తె మైల! వాళ్లది కలిస్తె అలవాటు, మాది కలిస్తె కల్తీ. కాటా ఒక్కటే గద, రెండు రాళ్లెందుకు పెట్టిండ్రు?

కౌంటరు ముందట నిలబడ్డ తల్లి

గీ దాక చదివి, 'మనల్ని ఆంధ్రోళ్లు ఎక్కిరించిండ్రు' అని మాత్రమే అనుకుంటె సగం నిజమే పట్టుకున్నట్టు. మిగిలిన సగం నాకు కంకిపాడు బ్యాంకు కౌంటరు కాడ దొరికింది.

పొదుపు సంఘం పైసల కోసం ఒకామె వచ్చింది. నాట్లేసే కూలితల్లి. చేతుల మీద బురద ఎండి పొలుసులు లేచి ఉన్నది. "ఆళ్ళు రమ్మన్నారండీ, సంతకాలు ఎట్టి వత్తన్నామండీ" అన్నది. నా పక్క సీటు ఆయన, అదే జిల్లా, అదే మండలం మనిషి, తల ఎత్తకుంటనే కసురుకున్నడు. "ఆళ్ళేంటి, వాళ్ళు అను. సరిగ్గా మాట్లాడటం నేర్చుకోండి ముందు."

ఆమె కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నది.

నేను బిత్తరపోయిన. రెండు నెలల కింద నన్ను రోడ్డు మీద కొట్టిన కర్ర అదే. ఈమె పుట్టింది కృష్ణా జిల్లాల. పెరిగింది కృష్ణా నీళ్ల మీద. స్టాండర్డ్ తెలుగు ఏ నేల మీద పుట్టిందని చెప్తరో ఆ నేల మీద నడుము వంచి నాట్లేసింది ఆమెనే. ఆ జిల్లా మొత్తం స్టాండర్డ్ అయితె ఆమె ఎందుకు గాదు? వచ్చే నెల ఆమె ఏడో తరగతి చదివే కొడుకును తోలుకొచ్చింది. "ఆడే మాటాడతాడండీ" అన్నది. పైసలు ఆమెవి. సంతకం ఆమెది. నోరు మాత్రం కొడుకుది. ఒక్క మాటతోని ఒక మనిషి నోరు ఎట్ల మూయొచ్చో ఆ దినం చూసిన.

కాళోజీ తన జీవితమంత నిలదీసిన సంగతి మనకెరుకే: రెండున్నర జిల్లాల భాషను అందరి నెత్తిన రుద్దుడేంది అని. ఆయన మాటకు నేను ఒక్క తోక కలుపుత. ఆ రెండున్నర జిల్లాలల్ల గూడ అది అందరి భాష గాదు. చదువుకున్నోళ్ల, భూములున్నోళ్ల, పై కులాల ఇండ్లల్ల వసారాల మాట్లాడిన భాష. పొలం గట్టు మీద మాట్లాడేది వేరు. మాలపల్లెల మాట్లాడేది వేరు. స్టాండర్డ్ అనే జెండా జిల్లా బొడ్రాయి కాడ పాతింది గాదు, ఇంటి గడప కాడ పాతింది. కంకిపాడు కూలితల్లికీ పాలమూరు వలస కూలికీ ఆ జెండా ఒక్కతీరు శత్రువే.

ఇది గుర్తుపట్టకుంటె మన కొట్లాట జిల్లాల కొట్లాటగనే మిగులుతది.

ఎంత నష్టమైంది, లెక్క తీయుండ్రి

'ఒక మాట అంటె ఏమైతది, పడరాదు' అని కొందరంటరు. ఏమైతదో చెప్త.

నేను నాలుగో తరగతిల వ్యాసం రాస్తూ 'పుంటికూర' అని రాసిన. ఎర్ర సిరాతోని కొట్టేసి మీద 'గోంగూర' అని రాసిండ్రు. మార్కు పోయింది. మార్కు పోతె పోయింది, ఆ పొద్దు ఇంటికి పోయి అమ్మ పుంటికూర అంటె 'తప్పు, గోంగూర' అన్న. అమ్మ ముఖం చిన్నబోయింది. బడి నాకు నేర్పిన మొదటి పాఠం అమ్మకు తెలుగు రాదని! తెలుగు బడిల ఇంతకంటె దరిద్రం ఏముంటది?

ఇంటర్వ్యూలల్ల తెలంగాణ పిల్లగాడు నోరు తెరిచే ముందు మనసులనే ఒకసారి తర్జుమా చేసుకుంటడు. 'వచ్చిన' అనాల్నా, 'వచ్చాను' అనాల్నా? ఆ సగం నిమిషంల జవాబు మరిచిపోతడు. 'చురుకు లేదు' అని రాసుకుంటరు. కాలేజీ హాస్టళ్లల్ల, సెక్రటేరియట్ల, డైరెక్టరేట్లల్ల ఎంతమంది ఉద్యోగులు మీటింగుల నోరు తెరవకుంట ముప్పై ఏండ్లు సర్వీసు వెళ్లదీసిండ్రో మీకు తెల్వదా? తెలివి లేక గాదు, నవ్వుతరని. సినిమాల హీరో నోట వచ్చేది భాష, విలన్ నోట, పనోడి నోట, జోకరు నోట వచ్చేది యాస. ఏండ్లకేండ్లు అట్లనే చూపెట్టిండ్రు. మన పిల్లలు చప్పట్లు కొట్టి నవ్విండ్రు, తమ మీద తామే.

తమాష ఏందంటె, ఇదే నొప్పి ఒకప్పుడు ఆంధ్రోళ్లదే. మద్రాసు రాష్ట్రంల తమిళుల కింద తమకు విలువ లేదనే గద 1913ల బాపట్లల ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది? పొట్టి శ్రీరాములు 1952 డిసెంబర్ 15 నాడు ప్రాణమిచ్చింది, 1953ల ఆంధ్ర రాష్ట్రం వచ్చింది ఆ నొప్పి నుంచే గద? గ్రాంథికమే భాష, జనం మాట భాష గాదు అన్న పండితుల తోని గిడుగు రామమూర్తి కొట్లాడింది దీని మీదనే గద? గిడుగుది ఉత్తరాంధ్ర. జనం మాట్లాడేదే భాష అన్నడు ఆయన. ఆయన గెలిచిన తర్వాత 'జనం' అంటె ఏ జనం అని తేల్చేకాడ కథ మారింది. పాత కోట కూలగొట్టిండ్రు, ఆ రాళ్లతోనే కొత్త కోట కట్టుకొని తలుపేసుకున్నరు. మన గిడుగును గూడ బయటనే నిలబెట్టిండ్రు: ఉత్తరాంధ్ర మాటకు గూడ ఇయ్యాల స్టాండర్డ్ లేదు.

ఇయ్యాల మన సంగతేంది?

2014 జూన్ 2 నాడు తెలంగాణ వచ్చింది. సంతోషం. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినం అయింది. పాఠ్యపుస్తకాలల్ల మన కవులు కనపడుతున్నరు. 2017ల 'ఫిదా'ల హీరోయిన్ మన మాట మాట్లాడితె రెండు రాష్ట్రాలల్ల టికెట్లు తెగినయి. 2023ల 'బలగం' చూసి మన మాటకు ఊర్లకూర్లు ఏడ్చినయి. యాసతోని సినిమా ఆడదు అన్న వాళ్ల నోళ్లు మూతపడ్డయి. మంచిదే.

కని సర్కారు జీవోలు ఏ తెలుగుల వస్తున్నయి? చాలా పేపర్లల్ల వార్త ఇప్పటికీ 'తెలిపారు, పేర్కొన్నారు, వెల్లడించారు'నే. సెప్టెంబర్ 9 నాడు దండేసి, సెప్టెంబర్ 10 నాడు పాత పాటే. రాష్ట్రం మారింది, డెస్కు మారలె.

అంతకంటె పెద్ద ప్రమాదం ఒకటున్నది. మనం గూడ కొత్త జెండా పాతుకుంటున్నమా? 'అసలు తెలంగాణ తెలుగు' అంటె మా వరంగల్దే, కాదు మా కరీంనగర్దే అని పంచాయితీలు వినపడుతున్నయి. మరి పాలమూరు మాట? ఖమ్మం మాట? నల్లగొండ మాట? ఆదిలాబాద్ గోండు పిల్లగానికి, కొలామ్ పిల్లకు, తండల లంబాడి పిల్లకు మన తెలుగే పరాయి భాష. ఆ పిల్లలు మన ముందట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటె, కంకిపాడు కౌంటరు ఎనుక కూసున్నది ఈసారి మనమే అన్నట్టు.

రెండు రాష్ట్రాలల్ల ఇప్పుడు ఇంకో పెద్ద స్టాండర్డ్ దిగింది. ఆంధ్రప్రదేశ్ సర్కారు 2019ల సర్కారు బడులన్నిటిని ఇంగ్లీషు మీడియం చేస్తమని జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్ల హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణల 2022 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇంగ్లీషు వద్దని ఏ పేద తల్లికి చెప్పే హక్కు నాకు లేదు. ఉన్నోళ్ల పిల్లలు చదివిందే మా పిల్లలు చదువుతరంటె తప్పేంది? కని ఒక్క సంగతి చూడుండ్రి: మొన్న 'వచ్చిండు' అన్న పిల్లగాన్ని 'వచ్చాడు' అనమని కొట్టిన కర్రతోనే, రేపు 'వచ్చాడు' అన్న పిల్లగాన్ని గూడ కొడుతరు. అప్పుడు కంకిపాడు స్కూటరు పెద్దమనిషి మనుమనికి గూడ స్టాండర్డ్ ఉండదు. పెద్ద జెండా వస్తె చిన్న జెండా దిగవలసిందే. యుద్ధం నీతి అంతే.

ఏం చేయాలె?

అరుపులతోని ఆగితె లాభం లేదు. విద్యార్థి సంఘాలు, టీచర్లు, ఉద్యోగులు గట్టిగ పట్టుకోవలసిన పనులు చెప్తున్న.

ఒకటి. తెలుగు పరీక్షల ఏ ప్రాంతపు మాట రాసిన, ఏ ప్రాంతపు క్రియ రాసిన మార్కు కోయొద్దు. 'పుంటికూర' ఒప్పే, 'గోంగూర' ఒప్పే. పేపర్లు దిద్దేటోళ్లకు ఇది రాతపూర్వకంగ చెప్పాలె. రెండు రాష్ట్రాలల్ల చెప్పాలె.

రెండు. పదకోశాలు కావాలె. భద్రిరాజు కృష్ణమూర్తి 1962ల వ్యవసాయ మాటల మాండలిక వృత్తి పదకోశం తెచ్చిండు. ఒకే పనిముట్టుకు జిల్లాకొక పేరు ఉన్నదని, ఏ పేరూ తక్కువ గాదని ఆ పుస్తకం చూపెట్టింది. అసోంటి పని ఇయ్యాల ప్రతి మండలంల జరగాలె. ముసలోళ్లు పోకముందే, గుమ్మి, పురి, మత్తడి అనే మాటలు తెలిసిన నోళ్లు మూతపడకముందే జరగాలె.

మూడు. బ్యాంకు, దవాఖాన, కచేరీ కౌంటర్ల ఎనుక కూసున్న ఉద్యోగ మిత్రులారా, ఇది మీకు, నాకు. మన ముందట నిలబడ్డ మనిషి మాటను దిద్దే జీతం మనకు ఇస్తలేరు. ఆ మనిషి పని చేసే జీతం ఇస్తున్నరు.

నాలుగు. గోండి, కోయ, కొలామి, లంబాడి పిల్లల ఇంటి మాటతోనే మొదటి తరగతి మొదలుకావాలె. మన గాయం మనకు ఎరుకైతె, ఇంకొకరి మీద చేయి ఎట్ల లేస్తది?

చివరిగ. ఆ పొద్దు కంకిపాడు రోడ్డు మీద బండాయన నాకు జవాబు ముందే చెప్పిండు, నాకే సమజ్ గాలె. ఆయన 'పొత్తు' అన్నడు, నేను 'కంకి' అన్న. వేలుతోని చూపిస్తే ఇద్దరికీ తెలిసింది. ఆయన నవ్వుల ఎక్కిరింత లేదు. కాల్చి, ఉప్పు కారం రాసి ఇచ్చిండు. భాషకు అంతకు మించి పని లేదు. నడుమ జెండా పట్టుకొని దిగినోనితోనే పంచాయితీ.

కాటాకు స్టాండర్డ్ ఉండాలె. కంఠానికి వద్దు.

కంకి అందాం. పొత్తు అననిద్దాం. జెండా మాత్రం దించుదాం.